కాంతి స్విచ్చులు - మన కర్తవ్యము

2023 ఏప్రిలులో కేంద్ర మంత్రివర్గము 6,003 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో జాతీయ క్వాంటమ్ మిషనునకు అనుమతి నొసంగినది. ఇతరు లెవ్వరును దొంగిలింపజాలని రహస్యపు తాళపుచెవులను 2,000 కిలోమీటర్ల దూరము పంపుట దాని యాశయములలో నొకటి. ఇది ముదావహము. అయినను మార్గపు నిడివిని మాత్రమే లెక్కించి సంతసించువారికి మే మొక విషయమును విన్నవింపదలచితిమి.

ఆ మార్గమున వార్తను మోయునది ఒంటరి కాంతికణము, అనగా ఫోటాను. దానిని కోరిన యూరివైపు మరలించుటకు కూడళ్లయందు కాంతి స్విచ్చు లుండవలయును. స్విచ్చి కొంత కాంతిని మ్రింగకమానదు. సాధారణపు టెలిఫోను మార్గమున ఆ లోటును యంత్రముచే మరల పూరింపవచ్చును. క్వాంటమ్ మార్గమున నట్లు పొసగదు. తెలియని క్వాంటమ్ స్థితికి ప్రతి తీయుట యసాధ్యమని 1982లోనే నిరూపితమైనది. దొంగను పట్టియిచ్చు నియమమే నష్టమును పూరింపనీయకున్నది. తూములయొద్ద కారిపోయిన నీరు శివారు చేనికి దక్కునా?

ఒక్కొక్క స్విచ్చివలన 1 డెసిబెలు నష్టము కలుగు ననుకొందము. మేలైన గాజుతీగలో 5 కిలోమీటర్లు నడచిన నష్టముతో నది సమానము. అట్టివి ఐదు దాటునప్పటికి 100 ఫోటానులలో సుమారు 32 మాత్రమే మిగులును. గ్రాహకయంత్రమున కాంతి లేకయే పుట్టు తప్పుడు లెక్కలు మాత్రము తగ్గవు. కావున తప్పుల పాలు హెచ్చును. ప్రక్కదారి కాంతి లోనికి జొరబడినను, దారి మారునపుడు ధ్రువణము చెదరినను ఫలిత మిదియే. 1984 నాటి బెన్నెట్, బ్రసార్డుల పద్ధతిలో తప్పులు నూటికి 11 దాటినచో, సామాన్యవిధానమున తాళపుచెవి దక్కదు.

అట్లని స్విచ్చులను విడనాడుమని మేము చెప్పుట లేదు. 2017లో చైనా ప్రారంభించిన బీజింగు-షాంఘై మార్గము 32 కేంద్రముల మీదుగా సాగినది. అట్టి నడిమి కేంద్రములలో రహస్యము బయల్పడును. అచ్చటివారిని నమ్ముట తప్ప గత్యంతరము లేదు. స్విచ్చికి రహస్యము తెలియదు. ఈ మేలు స్వల్పము కాదు.

కావున నగరములలో కొలది స్విచ్చులను మాత్రమే వాడి, ప్రతిదాని నష్టమును పరీక్షించి ప్రకటింపవలయును. వానిని స్వదేశముననే నిర్మింపవలయును. 2025లో అమరావతి క్వాంటమ్ వ్యాలీకి పూనుకొనిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గణనయంత్రములతో తృప్తినొందక, ఈ పరిశ్రమకును చోటొసగుట యుక్తము. రహస్యమును గాపాడు యంత్రమునకై పరులపై నాధారపడు జాతికి రహస్య మెక్కడిది?