పిట్ట కళ్ళు మార్చాలా, తీగ మార్చాలా?

మా చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి. మగ్రిబ్ తర్వాత ఒక గంట కంప్యూటర్‌కి ఇజాజత్ ఉంది. ఆ గంటసేపు ఆమె ఒక జూకి మాలికిన్. గేమ్ పేరు ప్లానెట్ జూ. ఇంగ్లండ్‌లోని ఫ్రాంటియర్ కంపెనీ 2019లో తెచ్చింది. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే మంచి గేమే. అందులో ప్రతి జంతువుకూ సైజు, ఆయుష్షు, సంతానశక్తి, రోగనిరోధకశక్తి అని నాలుగు లెక్కలుంటాయి. దగ్గరి చుట్టాల్ని జతకడితే పిల్లలు బలహీనంగా పుడతాయి. జంతువుని అడవిలోకి వదిలితే క్రెడిట్లు ఇస్తారు.

మొన్న ఆమె ఒక ఫర్మాయిష్ పెట్టింది. "అబ్బూ, ఇదే కంపెనీ డైనోసార్ల గేమ్‌లో జీన్స్ మనమే మార్చుకోవచ్చు. జూ గేమ్‌లో కూడా పెడితే అంతరించిపోయేవాటినన్నిటినీ కాపాడెయ్యొచ్చు కదా?"

నక్కో బేటా, అన్నాను. ఎందుకు నక్కో అన్నానో చెప్పడానికే ఇదంతా.

ముందే ఒక మాట. ఖుదా చేసిన మఖ్లూఖ్‌లో దఖల్ జాయజా కాదా అని చెప్పడానికి నేను ఆలిమ్‌ని కాదు. నా ఏతరాజ్ వేరే. ఆ బటన్ పిల్లలకి ఒక అబద్ధం నేర్పుతుంది. జంతువు చచ్చిపోతున్నది దాని ఒంట్లో లోపం వల్లనే అనే అబద్ధం.

మన బట్టమేక పిట్టనే తీసుకోండి. దాని కోసమే 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ ఆ పిట్ట ఏళ్లుగా కనిపించడం లేదు. దేశం మొత్తం మీద 150 కూడా మిగల్లేదని అంచనా. ఎక్కువగా రాజస్థాన్ ఎడారిలోనే ఉన్నాయి. అక్కడ సోలార్, గాలిమరల కరెంటు మోసే తీగలకి కొట్టుకుని చస్తున్నాయి. బరువైన పిట్ట, ఎదురుగా చూపు తక్కువ, తీగ కనబడ్డాక పక్కకి తిరిగే వ్యవధి ఉండదు. ఆడది సాధారణంగా ఏడాదికి పెట్టేది ఒకటే గుడ్డు.

ఇది చెప్తే మా అమ్మాయి ఏమందో తెలుసా? "అయితే కళ్ళు మార్చేస్తే సరి కదా!"

నాకు గుండెలో కలుక్కుమంది. తప్పు పిల్లది కాదు, గేమ్ లాజిక్కే అది. తీగ జోలికి ఎవరూ పోరు, పిట్టే మారాలి. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వచ్చినప్పుడు నాకూ అందరూ నాలుక సరిచేసుకోమనే చెప్పారు. క్లాసులో ఏదైనా మారాలని ఒక్కరూ అనలేదు. ఖైర్, అది వేరే కిస్సా.

తీగల్ని భూమిలో వెయ్యమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖర్చు, కష్టం అని సర్కారు మొత్తుకుంది. 2024 మార్చిలో కోర్టు ఆ హుకుం సడలించి కమిటీ వేసింది. అసలు లడాయి అక్కడుంది, ల్యాబులో కాదు.

ల్యాబు దండగ అనడం లేదు. అమెరికాలో నల్లకాళ్ల ఫెరెట్ అనే చిన్న జంతువు దాదాపు ఖతం అయింది. ఇప్పుడున్నవి దాదాపు అన్నీ ఏడు జంతువుల సంతానమే. 1988లో దాచిన కణాల నుంచి 2020లో దాని క్లోన్ పుట్టించారు, కొత్త రక్తం కలపడానికి. అది సిసలైన ఇల్మ్. కానీ 2025లో ఒక అమెరికన్ కంపెనీ బూడిదరంగు తోడేలు జీన్లలో 20 మార్పులు చేసి, వేల ఏళ్ల కిందట అంతరించిన డైర్ వుల్ఫ్‌ని తిరిగి తెచ్చామంది. అది ఇల్మ్ కన్నా ఇష్తెహార్ ఎక్కువ. తోడేలు తోడేలేనని చాలామంది సైంటిస్టులు చెప్పారు.

మనిషి ఇష్టానికి జంతువుని మలిస్తే ఏమవుతుందో చూడ్డానికి గేమ్ ఎందుకు, తెల్లపులి చాలదూ? 1951లో రీవాలో మోహన్ అనే తెల్లపిల్ల దొరికింది. తర్వాత దాన్ని దాని కూతురితోనే జతకట్టి తెల్లవాటిని పుట్టించారు. ఇవాళ జూల్లో ఉన్నవి చాలావరకు ఆ ఖాందానే. ఎన్నింటికో మెల్లకన్ను. పిల్లలు మాత్రం ఆ బోను దగ్గరే ఎగబడతారు.

మన హైదరాబాద్‌లోనే దీనికి ఉల్టా కథ ఉంది. సీసీఎంబీ వాళ్ల లాకోన్స్, నెహ్రూ జూ కలిసి మూషిక జింకల్ని పెంచాయి. 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. జీన్ కత్తెర లేదు. మేత, మరుగు, సబర్, చివర్లో ఒక అడవి. అడవి లేకపోతే మిగతా మెహనత్ అంతా బోనులోనే ఆగిపోయేది.

నిన్న మళ్లీ అడిగింది. "పోనీ మీరైతే ఏ బటన్ పెడతారు అబ్బూ?"

"తీగల్ని భూమిలో వేసే బటన్."

"దానికి క్రెడిట్లన్నీ అయిపోతాయి."

"అయిపోనీ."

"జూలో కొత్త జంతువు ఒక్కటీ రాదు. ఎవరాడతారు?"

"నువ్వు ఆడి చూడు," అన్నాను. ఆలోచిస్తోంది.