పచ్చకొండ యాడికి పోయింది?

ఆత్మకూరు బస్టాండుకు దగ్గరలో మా బావ ఒకాయన డీటీపీ దుకాణం నడిపేవారు. శుభలేఖలు, కరపత్రాలు, తిరునాళ్ళ ఆహ్వానాలు అక్కడ తయారయ్యేవి. 2006లో, తపాలా ద్వారా ఉచితంగా తెప్పించుకున్న ఉబుంటు సీడీని ఆయన కంప్యూటరులో ఎక్కించి, ఏదో మహోపకారం చేసినట్లు ఇంటికి వెళ్ళి పడుకున్నాను. మరునాటి ఉదయం ఆయన తెరవైపు చూసి వేసిన మొదటి ప్రశ్న ఇది: "పచ్చకొండ యాడికి పోయింది అబ్బాయా?"

లినక్సు అంటే ఏమిటని ఆయన అడగలేదు. వెల ఎంతనీ అడగలేదు. కొండను అడిగారు.

ఆ కొండ మీ అందరికీ తెలిసినదే. 1996 జనవరిలో ఛార్లెస్ ఓరియర్ అనే ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో, రోడ్డు పక్కన కారు ఆపి తీసిన చిత్రమది. తెగులు సోకిన ద్రాక్షతోటలను పీకివేసిన తరువాత గడ్డి మొలిచిన మిట్ట అది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ఊరూరికీ వచ్చింది. మా సొంత ఊరు ఉదయగిరి. రాయలవారు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్న దుర్గం అక్కడ ఉంది. మూడువేల అడుగులు పైబడిన నిజమైన కొండ కళ్ళెదుటే ఉండగా, మావాళ్ళకు కంప్యూటరు అంటే మాత్రం ఎవరిదో పరాయి దేశపు మిట్ట. ఇంకొక విచిత్రం చూడండి. ఆ రోజుల్లో ఉబుంటు తెర మట్టిరంగులో ఉండేది. వేసవిలో మా మెట్ట భూములు అచ్చం ఆ రంగులోనే ఉంటాయి. మన మట్టి మనకే నచ్చలేదన్నమాట!

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. చిత్రాలు మనకు తెలియకుండానే మన ఇష్టాయిష్టాలను మలుస్తాయా? ఈ విషయంలో అందరూ చెప్పే కథ జేమ్స్ వికరీది. సినిమా నడుస్తుండగా కంటికి అందని వేగంతో "పాప్‌కార్న్ తినండి, కోకాకోలా తాగండి" అన్న మాటలు తెరపై మెరిపించి అమ్మకాలు పెంచానని 1957లో ఆయన చాటుకున్నాడు. లోకం బెదిరిపోయింది. 1962 నాటికి అందులో పస లేదని ఆయనే ఒప్పుకున్నాడు. కథ మాత్రం చావలేదు.

అయితే విషయం అంతటితో కొట్టిపారేయదగినది కాదు. 1980లో కున్స్ట్ విల్సన్, జాయంక్ అనే పరిశోధకులు కొన్ని వంకర అష్టభుజాలను సెకనులో వెయ్యోవంతు సేపు చూపించారు. తరువాత ఏది ముందు చూశారో చెప్పమంటే చూసినవారు గుర్తించలేకపోయారు. ఏది నచ్చిందో చెప్పమంటే మాత్రం ఇంచుమించు నూటికి అరవైసార్లు చూసినదాన్నే ఎన్నుకున్నారు. 2008లో మరికొందరు ఆపిల్, ఐబీఎం చిహ్నాలను ఇలాగే మెరిపించి, ఆపిల్‌ను చూసినవారు ఇటుకకు ఎక్కువ కొత్త ఉపయోగాలు ఊహించారని ప్రకటించారు. ఈ రెండవ తరహా ప్రయోగాల మీద ఆ తరువాతి దశాబ్దంలో అనుమానాలు బలపడ్డాయి. ఎన్నో ప్రయోగాలను తిరిగి చేసి చూస్తే ఫలితం రాలేదు. నాకూ ఇటుకల కథ మీద గురి లేదు. అష్టభుజాల మీద ఉంది.

ఎందుకంటే మా బావ కొండను వెయ్యోవంతు సెకను కాదు, రోజుకు పది గంటలు చూశారు. చూశారే గాని గమనించలేదు. దాచిన చిత్రాలకు మనం అనవసరంగా జంకుతాము. విస్టా డీవీడీ మీద ముగ్గురు మనుషుల సూక్ష్మచిత్రం ఉందని 2007లో ఎంత గోల జరిగింది! అది దొంగప్రతులను పట్టుకునే గుర్తుల్లో ఒకటని తరువాత తేలింది. (మా ప్రాంతంలో ఆ ముగ్గురి బారిన పడినవారెవరూ లేరు. మాకు దొరికే సీడీల మీద స్కెచ్‌పెన్నుతో పేరు మాత్రమే ఉండేది.) నిజంగా పనిచేసేవి ఎదురుగా నిలబడి కూడా కంటికి ఆననివే.

అటువంటి చిత్రం మరొకటి ఉంది. అది ఇంతకంటె హాని చేసింది. ఖాళీ డబ్బాలు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఎక్స్‌పీలో గౌతమి ఖతి కూడా ఉండేది. కాని సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెడితే తప్ప అక్షరాలు సరిగా కూడుకునేవి కావు. ఆ టిక్కు పెట్టగానే యంత్రం అసలు సీడీ అడిగేది. పాత విండోస్ 98లో అయితే చెప్పనక్కరలేదు. తెలుగు పుట తెరిచిన ప్రతిసారీ డబ్బాల వరుస, లేదా విరిగిన వత్తులు. ఏళ్ళ తరబడి ఆ బొమ్మను చూసినవారి మనసులో ఒక తీర్పు స్థిరపడిపోయింది: కంప్యూటరుకు తెలుగు పడదు. ఎవరూ వాదించి ఒప్పించిన తీర్పు కాదది. అందుకే వాదించి తీసివేయడమూ సాధ్యం కాలేదు. ఆత్మకూరులో పదిమందికి లేఖిని చూపించాను. తెర మీద తెలుగు కళ్ళారా చూసి కూడా "ఇది మీబోటివాళ్ళకులే" అన్నవారే ఎక్కువ. మనమేమో ఖతుల గురించి, స్వేచ్ఛ గురించి పేజీలకు పేజీలు వ్రాసుకున్నాము. డబ్బాలను ముందుగా వాళ్ళ కళ్ళముందు నుండి తొలగించవలసిందని మనకు తోచలేదు.

బావ సంగతి పూర్తి చేయాలి. ఆ సాయంత్రమే ఉబుంటు తెరమీద పచ్చకొండను తెచ్చి పెట్టాను. ఆయన మారుమాట లేకుండా కూర్చున్నారు. రెండు ఉత్తరాలు కొట్టారు, పాటలు విన్నారు, "బాగానే ఉండాదే" అన్నారు కూడా. నేను గెలిచానని అనుకున్నాను.

మూడవ రోజున ఒక పెళ్ళివారు వచ్చారు. అను ఖతులు, పేజ్‌మేకరు కావాలి. ఉబుంటులో అవి లేవు. నూరు శుభలేఖలు సాయంత్రానికి అచ్చు కావాలి. బావ నావైపు చూశారు. నేను కొండవైపు చూశాను. ఆ మధ్యాహ్నం స్కెచ్‌పెన్నుతో పేరు వ్రాసిన ఆ పాత సీడీని నేనే నా చేతులతో మళ్ళీ ఎక్కించి ఇచ్చాను.