కోడే కదా అనకండి



గత నెలలో ఒక సోమవారం మూడో తరగతిలో స్లిప్ టెస్ట్ పెట్టాను. ఒక పాప పేపర్ మీద పేరు రాసి ఊరుకుంది. "ఎందుకు రాయలేదు?" అని కాస్త గట్టిగానే అడిగాను. "మా చుక్కమ్మ లేదు మేడమ్" అంది.

చుక్కమ్మ వాళ్లింటి కోడిపెట్ట. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరి నుంచి అట్టపెట్టెలో తెచ్చుకున్న పిల్ల. డాబా మీద గంప కింద పెరిగింది. పాప స్కూల్ బస్సు దిగగానే గుప్పెడు నూకలు పట్టుకుని పైకి పరిగెత్తేదట.

శనివారం పొద్దున బాగానే ఉన్న కోడి మధ్యాహ్నానికి చనిపోయింది. పాప వచ్చేసరికి గంప ఖాళీ. "అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపించాం" అన్నారు అమ్మ. బిడ్డ ఏడవకూడదనే అలా అన్నారు. మర్నాడు పాప అమ్మమ్మకు ఫోన్ చేసి, చుక్కమ్మ ఏం చేస్తోందని అడిగింది. "ఇక్కడికి ఏ కోడీ రాలేదే తల్లీ" అన్నారావిడ. సోమవారం పాప నన్నడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, అమ్మ కూడా అబద్ధం చెబుతుందా?"

వాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆ తల్లిని తప్పుపట్టడం లేదు. మనలో చాలామందిమి అదే చేస్తాం. కానీ నా అభిప్రాయం మాత్రం సూటిగా చెబుతాను. పెంచుకున్న కోడి చనిపోతే ఆ రోజే పిల్లలకు నిజం చెప్పాలి. వాళ్లను ఏడవనివ్వాలి.

కుక్క చనిపోతే పక్కింటివాళ్లు కూడా పలకరిస్తారు. కోడి చనిపోయిందంటే నవ్వుతారు. "కోడే కదా, ఇంకోటి కొందాంలే" అంటారు. పిల్లలకు అది ఒక కోడి కాదు, తమ అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఎదురొచ్చే ప్రాణి. మనం నవ్వితే వాళ్లకు బాధ తగ్గదు. దాన్ని మనకు చెప్పకుండా దాచుకోవడం మాత్రం నేర్చుకుంటారు.

"నిద్రపోయింది", "ఊరెళ్లింది" అనే మాటలు ఇంకా చిక్కు తెస్తాయి. హంగేరీకి చెందిన మనస్తత్వవేత్త మరియా నాగీ 1948లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా చిన్న పిల్లలు చావును నిద్రలాగో ప్రయాణంలాగో అనుకుంటారని రాశారు. అంటే వాళ్లు సహజంగానే పడే పొరపాటును మనమే ఖాయం చేస్తున్నామన్నమాట. నిద్రపోతే మళ్లీ లేవాలి, ఊరెళ్తే తిరిగి రావాలి. అందుకే "చనిపోయింది, ఇక రాదు" అని మెల్లగా, స్పష్టంగా చెప్పండి. దగ్గరకు తీసుకుని చెప్పండి.

పాప నాతో ఇంకో మాట కూడా చెప్పింది. శుక్రవారం నీళ్ల గిన్నె నింపడం మర్చిపోయిందట. అందుకే చుక్కమ్మ పోయిందని రెండు రోజులుగా లోలోపల కుమిలిపోతోంది. మీ పిల్లల మనసులోనూ ఇలాంటిదేదో ఉండొచ్చు, అడిగి చూడండి. కోళ్లు జబ్బును ఒక పట్టాన బయటపడనివ్వవు. మనం గమనించేసరికే ఆలస్యమైపోతుంది. కొక్కెర తెగులు లాంటివి ఉన్నట్టుండి ప్రాణం తీస్తాయి. దానికి ముందుగా వేయించే టీకా ఉంది కానీ, వచ్చాక నయం చేసే మందు లేదు. కారణం తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదనే చెప్పండి. "నీ తప్పు కాదు" అన్న మాట మాత్రం తప్పకుండా చెప్పండి.

వీడ్కోలు చెప్పే అవకాశమూ ఇవ్వండి. అయితే చనిపోయిన కోడిని పిల్లల చేత ముట్టించకండి. పెద్దవాళ్లు చేతులకు తొడుగులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లలు కాస్త దూరంగా నిలబడి చూస్తే చాలు. ఒకటి కంటే ఎక్కువ కోళ్లు ఒకేసారి చనిపోతే బర్డ్ ఫ్లూ కావచ్చు. వాటిని ముట్టుకోకుండా ముందు దగ్గరలోని పశువైద్యశాలకు చెప్పండి.

ఆదివారం ఇంకో ప్రశ్న వస్తుంది: "మరి మనం చికెన్ తింటాం కదా?" దీన్ని దాటవేయకండి. "అవును, తింటాం. కానీ చుక్కమ్మకు మనం పేరు పెట్టాం, అది మన చేతి గింజలు తిన్నది. అందుకే ఇంత బాధ" అంటే ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. కొన్నాళ్లు కూర వద్దంటే బలవంతం చేయకండి. పప్పన్నంతో ఏ బిడ్డా చిక్కిపోదు.

మర్నాడే ఇంకో కోడిపిల్లను తెచ్చేయకండి. పోయినదాని చోటు అంత తేలిగ్గా నిండుతుందని పిల్లలకు నేర్పవద్దు. వాళ్లే అడిగినప్పుడు, టీకాల సంగతి తెలుసుకుని తెచ్చుకోండి.

ఇక మా వైపు సంగతి. ఆ రోజు నేను గద్దించే ముందు కారణం అడగాల్సింది. ఇంట్లో ఇలాంటిది జరిగితే డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. టెస్ట్ మరో రోజు పెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రం తల్లి పాపను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పారు. చుక్కమ్మను చెత్త బండిలో వేశామన్న మాట కూడా దాచలేదు. చెప్పేటప్పుడు తనకూ కన్నీళ్లు ఆగలేదట. పాప చాలాసేపు ఏడ్చి, "ఇంకేమైనా దాచావా అమ్మా?" అని అడిగిందట. లేదన్నారావిడ. పాప నమ్మింది.

మిగిలిన నూకలు ఇప్పుడు డాబా మీద పిచ్చుకలకు వేస్తోంది. బుధవారం వచ్చి స్లిప్ టెస్ట్ రాసింది. మార్కులెన్నో ఇక్కడ చెప్పను.

— మీ పిల్లల తెలుగు టీచర్, ప్రైమరీ విభాగం