నెలల తరబడి విరేచనాలు: నీళ్లమీద నెపం చాలదు

పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం ప్రాంతాల్లో ఎవరి కడుపు చెడినా మొదట వినిపించే మాట "నీళ్లు బాగాలేవు" అని. నక్కవాగును చూసినవారెవరూ ఆ మాట కాదనలేరు. 1990లో ఇక్కడి కాలుష్యం సుప్రీంకోర్టుదాకా వెళ్లిన సంగతి పెద్దలకు తెలుసు. అయితే నీళ్లవల్ల పట్టుకునే విరేచనాలు సాధారణంగా వారం పదిరోజుల్లో తగ్గుముఖం పడతాయి. నెలల తరబడి తగ్గకుండా, నెత్తురు పడుతూ, మనిషి చిక్కిపోతూ, అర్ధరాత్రి లేచి పరుగెత్తవలసి వస్తే అది వేరే సంగతి.

అటువంటి జబ్బుల్లో ఒకటి క్రోన్స్ వ్యాధి. న్యూయార్కు డాక్టరు బరిల్ క్రోన్, మరి ఇద్దరు సహచరులు 1932లో దీన్ని వివరించారు. క్రిములతో పోరాడవలసిన రక్షణ శక్తి అదుపుతప్పి సొంత పేగులమీదనే తిరగబడుతుంది. పేగు వాచి, పుండ్లు పడి, కొందరిలో దారి సన్నబడిపోతుంది. ఇది అంటువ్యాధి కాదు, ఒకే కంచంలో తిన్నా అంటదు. చేతబడి అంతకన్నా కాదు.

ఇది పట్నంవారి జబ్బని చాలాకాలం అనుకున్నారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు పరికరాలున్న వాహనంతో తెలంగాణ పల్లెలకు వెళ్లి చూడగా, కడుపు బాధలున్నవారిలో ఈ తరహా పేగువాపు జబ్బులు పట్నంలోలాగే పల్లెల్లోనూ కనిపించాయి.

అసలు చిక్కు పేగు క్షయతో వుంది. రెండింటి లక్షణాలూ ఒకటే. గొట్టం వేసి చూసినా, ముక్క తీసి పరీక్షించినా ఒక్కోసారి తేడా తెలియదు. అందుకే క్షయ మందులు రెండు మూడు నెలలు వాడించి, పుండ్లు మానకపోతే అప్పుడు క్రోన్స్ అని తేల్చడం మన దేశంలో వాడుక. క్షయ వున్నవాడికి స్టెరాయిడ్లు పడితే క్షయ విజృంభిస్తుంది. పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే గోలీలతో ఆకలి పుట్టి, ముఖం నిండుగా అయితే నయమైందని సంతోషిస్తాం. కొంప మునిగేది అక్కడే. ఏ గోలీ ఇస్తున్నారో అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

ఇక ఫ్యాక్టరీ కూలీల సంగతి. షిఫ్టులో నాలుగుసార్లు మరుగుదొడ్డికి వెళితే సూపర్‌వైజరు కంట పడతామని అన్నం మానేసి డ్యూటీకి వెళ్లేవారున్నారు. పైగా ఒళ్లునొప్పుల గోలీలు, బీడీ. ఈ రెండూ క్రోన్స్‌ను రెచ్చగొట్టేవే. కాంట్రాక్టు కూలీకీ ఇ.ఎస్.ఐ. హక్కు వుంది. నిర్ణీత రోజుల చందా కట్టివుంటే, డాక్టరు సర్టిఫికెట్టుమీద ఏడాదికి 91 రోజులవరకు నూటికి 70 వంతుల వేతనం వస్తుంది. కార్డు కూలీ చేతికి అందేలా చూడవలసింది యాజమాన్యాలే. కాంట్రాక్టరుమీదకు నెట్టి తప్పించుకోవడం తగదు.

సంగారెడ్డికి 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పెద్దపేగు గొట్టం పరీక్ష, ముక్క పరీక్ష పేదవాడికి ఆలస్యం లేకుండా అక్కడే జరగాలి. క్రోన్స్ పూర్తిగా పోయే జబ్బు కాదు గాని, పేగు మూసుకుపోకముందే పట్టుకుంటే మందులతో అదుపులో వుంటుంది, మనిషి మళ్లీ పనికి వెళ్లగలుగుతాడు. విరేచనాలు నెల దాటినవారు ఇంతవరకు మింగిన గోలీల అట్టలన్నీ జేబులో వేసుకుని పెద్దాసుపత్రికి వెళ్లాలి.