దీపము క్రింది చీకటి

దీపము క్రిందనే చీకటి యుండునను సామెత మన యిండ్లలో నిత్యము వినబడుచునే యుండును. ఆ సామెతను అక్షరాల నాచరణలో పెట్టుకొన్న దేశ మొకటి కలదనిన సోదరీమణులు నమ్ముదురో నమ్మరో! అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఒక నగరమున పేరొందిన జట్లు ఫుట్‌బాలు ఆడుచుండగా, దూరదూరపు పట్టణములవారు తమ యిండ్లలో టెలివిజను ముందు గూర్చుండి యా యాటను చూచుచుండెడివారు. ఆట జరుగుచున్న నగరమువారికి మాత్రము తమ టెలివిజనులో నది కానరాకుండెడిది. దీనికి వారు బ్లాకౌటు అని పేరు పెట్టిరి. యుద్ధకాలమున శత్రువిమానములకు వెఱచి ఊరిలోని దీపము లార్పుటకు వాడిన మాటయే యిది. ఇచ్చట యజమానులు వెఱచినది టిక్కెట్టు కొనక యింట గూర్చుండు ప్రేక్షకునకు.

ఆటల గొడవ మన కేల యని పుట త్రిప్పివేయకుడు. ఆట యెట్టిదైనను, గడప దాటి పోజాలనివారి వంతు వినోదమును తీసివేసిన దెవరు, మరల నిప్పించిన దెవరు అను సంగతి గృహిణులు తెలిసికొనదగినదే.

మొదట యజమానుల పక్షము చెప్పవలయును. వారి భయము ఉత్తభయము కాదు. 1950లో లాస్ ఏంజిలీసు నగరపు రామ్సు జట్టువారు తమ యూర జరుగు ఆటలన్నిటిని టెలివిజనులో చూపుట కంగీకరించిరి. క్రిందటి యేటితో పోల్చిచూడగా ఆటస్థలమునకు వచ్చినవారి సంఖ్య సగమునకు దగ్గఱగా పడిపోయెను. మఱుసటి యేడు ఇంటి యాటలు చూపుట మానిరి. జనము మరల వచ్చిరి. ఇట్టి యనుభవము కన్నులయెదుట నుండగా మిగిలిన యజమానులు తలుపులు బిగించుకొనుటలో వింత యేమున్నది? ప్రభుత్వమువారు, వర్తకులు కూడబలికి పోటీ నణచరాదను చట్టము క్రింద నేషనల్ ఫుట్‌బాల్ లీగుపై దావా వేసిరి. 1953లో ఫిలడెల్ఫియాలోని న్యాయమూర్తి ఆలన్ గ్రిమ్ తీర్పు చెప్పెను. జట్టు సొంత యూర నాడుచున్న దినమున చుట్టు 75 మైళ్ళలో ప్రసారము నాపుట తగియున్నదనియు, జట్టు పొరుగూరికి పోయి యాడుచున్నపుడు ఇట్టి నిర్బంధములు పెక్కు చెల్లవనియు దాని సారాంశము.

మా యింటివారు బడిపంతులు గనుక తర్కము వారి సొత్తు. నే నీ సంగతి చెప్పగానే, “పూటకూళ్ళమ్మ తన వంటకములను వీధియరుగుమీద ఊరక వడ్డించినచో లోపల డబ్బిచ్చి భోజనమునకు గూర్చుండువా డెవ్వడు?” అనిరి. ప్రశ్న బాగుగనే యున్నది. అయితే లోపలి విస్తళ్ళన్నియు నిండి, ఇక చోటు లేదని తలుపు మూసిన పిమ్మట వాసన యైనను వీధిలోనికి రాగూడదనుట యేమి న్యాయమని నే నడిగితిని. వారు చిఱునవ్వు నవ్వి పత్రిక చేతికి తీసికొనిరి. ఆ దేశపు శాసనసభ కూడ ఇరువదేండ్లకు ఈ ప్రశ్నయొద్దకే వచ్చి చేరినది. అది ముందు చెప్పెదను.

భారతమున సంజయుని వృత్తాంతము మన మెఱుగనిది కాదు. యుద్ధభూమికి పోజాలని గ్రుడ్డిరాజునకు అచ్చటి సర్వము నెఱిగించుటకై వ్యాసభగవానుడు సంజయునకు దివ్యదృష్టి నొసగెను. రథమెక్కి పోగలవానికి సంజయునితో పని లేదు. టెలివిజను విషయమును నింతే. కాలు సాగువాడు టిక్కెట్టు కొని పోవును. మంచము పట్టిన వృద్ధునకు, చంటిబిడ్డను వదలిరాలేని తల్లికి, ఆదివారము సైతము పని మానరాని కూలివానికి ఆ పెట్టె కావలయును. 75 మైళ్ళ కట్టడి వీరినే కట్టివేసినది.

1958 డిసెంబరు 28వ తేదీన న్యూయార్కులోని యాంకీ స్టేడియమున ఆ యేటి తుది యాట జరిగెను. న్యూయార్కు జట్టునకును బాల్టిమోరు జట్టునకును పోరు సమమై, అదనపు కాలమున బాల్టిమోరు గెలిచెను. ఆ యాటను తరువాతివారు అన్నిటిలోకి మేటి యని పొగడిరి. దేశమెల్ల చూచినది, న్యూయార్కు నగరము చూడలేదు. 1962లో మరల అచ్చటనే తుది యాట వచ్చినపుడు కొందఱు న్యాయస్థానమున కెక్కిరి గాని వారి మొఱ చెల్లలేదు. ఆ దినములలో ఎలుక కన్నము కనిపెట్టినట్లు జనమొక యుపాయము కనిపెట్టిరి. కార్లెక్కి 75 మైళ్ళ పొలిమేర దాటి కనెక్టికటు వైపు బాటసారుల బసలలో గదులు తీసికొని యాట చూచి రాత్రికి ఇల్లు చేరిరి. కారు గలవాడు, బస కద్దె యీగలవాడు ఇట్లు తప్పించుకొనెను. ఇల్లు కదలనివారి పాట్లు యథాప్రకారమే.

ఈ నడుమ 1961లో నింకొక విశేషము జరిగెను. జట్లన్నియు కలిసి తమ ప్రసారహక్కులను ఒక్కమూటగా నమ్ముకొనుటకు పోటీచట్టము అడ్డు వచ్చుచుండగా, అమెరికా కాంగ్రెసు వారికి ప్రత్యేకమైన మినహాయింపు నిచ్చెను. సెప్టెంబరు 30వ తేదీన అధ్యక్షుడు కెనడీ దానిపై సంతకము చేసెను. సొంత యూర నాడు దినమున ప్రసారము నాపుకొను హక్కును అందులోనే నిలిపిరి. సోదరీమణులు దీనిని గుర్తుంచుకొనవలయును. ఇతర వర్తకుల కెవ్వరికిని లేని సదుపాయమును ప్రజల ప్రతినిధులు వీరికి దయచేసిరి. దయచేసినవారికి తిరిగి యడుగు నధికారము కూడ నుండునుగదా.

తలుపు మూసినంతమాత్రమున లోపల నిండునా యనిన, అదియును సందేహమే. 1967 జనవరిలో మొట్టమొదటి ‘సూపర్ బౌల్’ లాస్ ఏంజిలీసులో జరిగెను. ఆ నగరమున ప్రసార మాపిరి. తొంబది వేలకు పైబడి పట్టు నా రంగమున వచ్చినవారు ఇంచుమించు 62 వేలే. 1973 జనవరిలో అదే నగరమున, అదే రంగమున అదే పోటీ వచ్చెను. పది దినములు ముందుగనే టిక్కెట్లన్నియు చెల్లిపోవుటచే లీగువారు పరీక్షార్థము ఊరివారికి గూడ ప్రసారము చూపిరి. తొంబది వేలమంది వచ్చి కూర్చుండిరి.

ఇక చట్టము కదలిన తీరు వినుడు. 1972లో వాషింగ్టను నగరపు జట్టు మంచి యూపులో నుండెను. డిసెంబరు 24వ తేదీన ఆ నగరముననే గ్రీన్ బే జట్టుతో కీలకమైన యాట పడెను. టిక్కెట్టు దొరకు ఆశ లేదు, టెలివిజనులో చూపరు. అధ్యక్షుడు నిక్సను ఈ యాటకు పెద్ద యభిమాని. ఆయన తన అటార్నీ జనరలు క్లైండీన్‌స్టును లీగు కమిషనరు పీట్ రోజెల్ కడకు పంపి, చోట్లన్నియు నిండిన పెద్ద యాటలకైనను తెర తీయుడని యడిగించెను. రోజెల్ ఒప్పుకొనలేదు. ఆట చీకటిలోనే జరిగెను. అట్లయిన ఆ మినహాయింపుల చట్టమునే మరల పరిశీలింపవలసి వచ్చునని ప్రభుత్వము హెచ్చరించెను. పదునాలుగేండ్ల క్రిందట న్యూయార్కు కన్నులు కట్టినపుడు చలింపని శాసనకర్తలు, తాము కాపురముండు వాషింగ్టను కన్నులు కట్టగనే కదలిరి. నొప్పి తన కాలికి తగిలిననే గదా ముల్లు జ్ఞాపకము వచ్చుట!

ఏమైనను వారు చేసిన చట్టము చిన్నదైనను చక్కనిది. 1973 సెప్టెంబరు 14వ తేదీన నిక్సను సంతకము చేసెను. ఆ యేటి యాటలు మొదలగు ఆదివారమునకు అప్పటికి రెండు దినములే గడువు. ఆటకు 72 గంటలు ముందుగా టిక్కెట్లన్నియు చెల్లిపోయినచో, దేశమున చూపుచున్న యా యాటను స్థానిక టెలివిజను కేంద్రమువారు చూపకుండ నాపు ఒప్పంద మేదియు చెల్లదు. ఫుట్‌బాలునకే గాక బేస్‌బాలు, బాస్కెట్‌బాలు, హాకీలకును ఈ నియమము వర్తించెను. యజమానునకు తన చోట్లు అమ్ముకొనుటకు కావలసినంత కాలము మిగిలినది. అమ్ముకొన్న పిదప ఊరివారిమీద చీకటి కప్పు నధికారము పోయినది. పూటకూళ్ళ యింటి విస్తళ్ళు నిండిన తరువాతి మాట యిదియే.

యజమానులు గోలపెట్టకపోలేదు. టిక్కెట్టు కొన్నవాడు సైతము మంచు కురియు దినమున ఇంట వెచ్చగా గూర్చుండి చూచుననియు, ఖాళీ పీటలు చూచి మఱుసటి యేడు టిక్కెట్టే కొనడనియు, బండ్లు నిలుపు రుసుము, తినుబండారముల రాబడి పోవుననియు వాదించిరి. రాకుండ పోయినవారిని లెక్కించి పట్టికలు వేసిరి. ఆ లెక్కలలో కొంత నిజమున్నది. అయినను డబ్బు ముట్టినపిమ్మట రాకుండుట కొన్నవాని యిష్టము. పెండ్లికి కట్నము చదివించి భోజనమునకు రానివానిపై మనము వ్యాజ్యము వేయుదుమా?

ఈ చట్టమునకు ఆయుర్దాయము తక్కువ. పరీక్షకై చేసినది గనుక 1975 డిసెంబరు 31తో గడువు తీరెను. కాంగ్రెసు దానిని మరల పొడిగింపలేదు. వింత యేమనగా, ఫుట్‌బాలు లీగువారు ఆ 72 గంటల నియమమును తమంతట తామే పాటించుచు వచ్చిరి. మరల చట్టము వచ్చునేమో యను భయమే దానికి కాపు.

అయితే నియమములోని లోపమును చెప్పక తీఱదు. టిక్కెట్లన్నియు చెల్లిన యూరికే వెలుగు. చెల్లని యూరికి చీకటి. కలిగిన యూరి జట్టు గెలుచుచుండును, చోట్లు నిండును, ఇంటివారును చూతురు. పనులు మూతపడి చేతిలో డబ్బాడని యూర చోట్లు మిగులును. అట్టివారికి ఇంటనైనను చూచు భాగ్యము లేదు. 1975లో కేంద్ర సమాచార సంఘమువారు, అనగా ఎఫ్‌సీసీవారు, కేబులువారు సైతము ఆ చీకటిని మీఱరాదని తమ నిబంధనలలో చేర్చిరి. ఆ కాలమున చోట్లు నిండక ఇంచుమించు నూటికి 60 ఆటలు స్థానికులకు కానరాకుండెనని ఆ సంఘమువారే తరువాత చెప్పిరి. కొన్ని యూళ్ళలో వర్తకసంస్థలు కలుగజేసికొని మిగిలిన టిక్కెట్లను గంపగుత్తగా కొని ఊరిని గట్టెక్కించెడివి. 2014 జనవరిలో సిన్సినాటీ, ఇండియానాపొలిసు నగరములలో నట్లే జరిగెను. ఊరి కన్నులకు దుకాణదారు దయ దిక్కయ్యెను!

కాలక్రమమున రాబడి తీరే మారిపోయినది. టిక్కెట్ల కన్న టెలివిజను ఒప్పందముల సొమ్మే యజమానులకు ప్రధాన మయ్యెను. 2013లో 256 ఆటలలో ఊరివారికి ఆపినవి రెండే. 2014 సెప్టెంబరు 30వ తేదీన ఎఫ్‌సీసీ సభ్యు లైదుగురు ఏకగ్రీవముగా పాత నిబంధనలను కొట్టివేసిరి. మఱుసటి యేడు లీగువారు తమ బ్లాకౌటు పద్ధతిని నిలిపివేసిరి. ఆ రంగములు పెక్కింటిని ప్రజల పన్నుల సొమ్ముతో కట్టిరని తెలిసినప్పుడు, ఇంత కాలము పట్టెనా యని నాకు కష్టము తోచినది.

మన దేశమున నీ చిక్కు వేఱు వేషము వేసికొని వచ్చెను. ఇచ్చట అడ్డుగోడ మైళ్ళతో కట్టినది కాదు, చందాసొమ్ముతో కట్టినది. 1993 నాటి క్రికెట్టు పోటీ ప్రసార వివాదమున సుప్రీముకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పుచు, ఆకాశతరంగములు ప్రజల సొత్తని స్థిరపఱచెను. 2007 జనవరిలో వెస్టిండీసు జట్టు వచ్చినపుడు హక్కులు కొన్న నింబసు సంస్థకును దూరదర్శనునకును తగవు పుట్టెను. ఏడు నిమిషముల యాలస్యముతో దూరదర్శను చూపవచ్చునని ఢిల్లీ హైకోర్టు ఆదేశించెను. ప్రక్కయింటివారి కేకలు చెవిని పడిన ఏడు నిమిషములకు మన యింట వికెట్టు పడిన నెట్లుండునో యూహించుకొనుడు! ఫిబ్రవరిలో ఆర్డినెన్సు, మార్చిలో చట్టము వచ్చెను. జాతీయ ప్రాముఖ్యము గలవని ప్రభుత్వము ప్రకటించిన ఆటలను హక్కుదారులు ప్రకటనలు చేర్చకయే ప్రసారభారతికి ఏకకాలమున నీయవలయును. టెలివిజను ప్రకటనల రాబడిలో నూటికి 75 వంతులు హక్కుదారునకు, 25 వంతులు ప్రసారభారతికి. ఎవరి సొత్తును ఊరక లాగికొనక, పేదయింటికి వాకిలి తెఱచిన యేర్పాటిది.

2017 ఆగస్టు 22వ తేదీన సుప్రీముకోర్టు ఈ వాకిలికి గడియ పెట్టవలసిన చోటు చెప్పెను. ఇట్లు పంచుకొన్న యాటను దూరదర్శను తన సొంత గాలిప్రసారమునను, తన ఉచిత డిష్షు ద్వారమునను చూపవచ్చును; ప్రైవేటు కేబులువారికి అందింపరాదు. నెలనెల కేబులునకు సొమ్ము కట్టు నింట దూరదర్శను పెట్టి, ఆటకు బదులు వేఱొక కార్యక్రమము వచ్చినదేమని కేబులు కుఱ్ఱవానిపై కోపించు సోదరీమణులు పెక్కండ్రు. ఆ కుఱ్ఱవానిది తప్పు కాదు. చందా కట్టని పొరుగింట, ఉచిత డిష్షుపై అదే సమయమున ఆ యాట వచ్చుచుండవచ్చును. మామగారి నచ్చటికి పంపి చూపించుడు.