రెజ్యూమెలో అబ్బా దుకాణానికి జాగా ఉందా?

మా ఖాందాన్‌లో, మొహల్లాలో ఎవరి పిల్లల చదువు పూర్తయినా వాళ్ల రెజ్యూమె ఒకసారి నా ఫోన్‌కి వస్తుంది. "చాచా, జరా చూసిపెట్టండి" అంటారు. అఖ్బార్‌లో పనిచేసేవాడికి రాత తెలుస్తుందని వాళ్ల భరోసా. అలా చూసిన వాటిలో ఒక సంగతి మళ్లీ మళ్లీ కనబడుతోంది. చదువు గురించి నిండుగా ఉంటుంది, పని గురించి ఏమీ ఉండదు. ఇంటర్ నుంచి అబ్బా దుకాణంలో గల్లా మీద కూర్చున్నవాడు, మామూ మెకానిక్ షెడ్‌లో మూడేళ్లు పానాలు పట్టినవాడు, ఇంట్లో మగ్గం వర్క్ చేసి తన ఫీజు తనే కట్టుకున్న అమ్మాయి, అందరూ "ఫ్రెషర్" అనే రాసుకుంటున్నారు. ఎందుకమ్మా అంటే, "అదేం నౌకరీ చాచా, రాస్తే నవ్వుతారు" అంటారు.

నా రాయ్ సాఫ్‌గా చెబుతాను. ఆ మెహనత్ రాయాలి. అయితే చేసిన ప్రతి పనీ రాయక్కర్లేదు. ఏది రాయాలి, ఏది వదలాలి అన్నది షరమ్‌ని బట్టి తేల్చకూడదు, అడుగుతున్న నౌకరీని బట్టి తేల్చాలి.

ఈ సవాల్ మన ఇళ్లలో ఎక్కువగా రావడానికి వజహ్ ఉంది. నెల జీతం నౌకరీల్లో మనవాళ్లు తక్కువ, సొంత ధంధాల్లో ఎక్కువ అని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. ధంధాలో ఆఫర్ లెటర్ ఉండదు, రిలీవింగ్ లెటర్ ఉండదు. కాగితం లేదు కాబట్టి తజుర్బా కూడా లేదని పిల్లలే అనుకుంటున్నారు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. రిష్తా కోసం పంపే బయోడేటాలో దాదా పేరు నుంచి సొంతిల్లు దాకా అన్నీ రాస్తాం. రెజ్యూమె అలాంటిది కాదు, అది ఇంతిఖాబ్. చేసిన పనుల్లోంచి ఏరి పెట్టడం. ఒక్కో పాత పని దగ్గర ఆగి ఒకటే అడగండి: రేపు చేయబోయే పని నాకు వచ్చని ఇది చూపిస్తుందా?

అకౌంట్స్ నౌకరీకి వెళ్తున్నవాడు "కిరాణా షాప్" అని రెండు ముక్కలు రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. రోజువారీ గల్లా లెక్క, ఉధార్ ఖాతా, స్టాక్, జీఎస్టీ బిల్లులు చూశానని రాస్తే అది సీదా జవాబ్. మెకానిక్ షెడ్ తజుర్బా కార్ల సర్వీస్ సెంటర్ నౌకరీకి అన్నిటికంటే పైన ఉండాలి. అదే పిల్లవాడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి వెళ్తుంటే చివర్లో ఒక్క లైను చాలు. ఆ లైను కూడా ఎందుకంటే, మూడేళ్లు ఖాళీగా కనబడితే చూసేవాళ్లు చెడ్డగా ఊహించుకుంటారు. మగ్గం వర్క్ చేసే అమ్మాయి ఆర్డర్ తీసుకుంది, ధర మాట్లాడింది, షాదీ తేదీకి ముందే బ్లౌజ్ చేతికిచ్చింది. సేల్స్ నౌకరీలో అడిగేది అదే.

నా సంగతి చెబుతాను. అఖ్బార్‌కి రాకముందు సైకిల్ షాప్‌లో, అత్తర్ దుకాణంలో, ఆ తర్వాత ఛత్తా బజార్‌లో షాదీ కార్డుల ప్రెస్‌లో పనిచేశాను. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కాబట్టి అక్కడ ఇన్‌పేజ్‌లో ఉర్దూ, అనులో తెలుగు రెండూ కొట్టేవాణ్ని. దూల్హా పేరులో ఒక నుక్తా అటూఇటూ అయినా రెండు ఖాందాన్‌లు దుకాణానికి వచ్చేవి. అక్కడ ప్రూఫ్ చూడటం అలా వచ్చింది. అఖ్బార్‌కి దరఖాస్తు పెట్టినప్పుడు ప్రెస్ పని ఒక్కటే రాశాను, ఇంటర్వ్యూలో ఎక్కువసేపు దాని గురించే అడిగారు. సైకిల్ షాప్ కూడా హలాల్ కమాయే, ఇంటికి బియ్యం తెచ్చింది. సబ్ ఎడిటర్ పనికి దాంతో అవసరం పడలేదు, అంతే.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తమ్ముళ్లది వేరే ఇబ్బంది. ఇఖామాలో "ఆమిల్" అని ఉంటుంది, నిజానికి చేసింది గోదాములో స్టాక్ లెక్క. చేసిన పనే రాయండి, ఇఖామాలో ఏముందని అడిగితే దాచకుండా చెప్పండి. స్టాక్ రాసినవాడు స్టోర్ మేనేజర్ అని మాత్రం రాసుకోవద్దు. రెండో సవాల్‌కే దొరికిపోతారు.

ఏరి పెట్టడం వేరు, ఝూట్ వేరు. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు పైసలకు దొరుకుతాయని అందరికీ తెలుసు. గునాహ్ సంగతి అలా ఉంచండి, దునియా లెక్కలో కూడా అది నష్టమే. 2014 నుంచి పీఎఫ్‌కి యూఏఎన్ నంబర్ వచ్చింది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో ఉంటుంది. వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు అది చూస్తాయి. నాలుగు నెలలు చేసి మానేసిన కాల్ సెంటర్‌ని రెజ్యూమెలో వదిలేయొచ్చు. కానీ చేరేటప్పుడు ఇచ్చే పీఎఫ్ ఫారం 11లో ఇంతకుముందు సభ్యులేనా అని అడుగుతారు. అక్కడ వదలడానికి లేదు. అమెరికా వీసా డీఎస్-160 ఫారం గత 5 ఏళ్ల నౌకరీలు అడుగుతుంది. రెజ్యూమె మీ ఇంతిఖాబ్, ఫారం మీద దస్తఖత్ పెడితే అది హలఫ్‌నామా లాంటిది. ఈ ఫరక్ పిల్లలకు ముందే చెప్పాలి.

ఇక ఎవరూ గట్టిగా అడగని సవాల్. మదర్సాలో పాఠాలు చెప్పింది, మస్జిద్ కమిటీ లెక్కలు రాసింది, ఉర్దూ అఖ్బార్‌లో పనిచేసింది రాయాలా? "పేరు చూసే పక్కన పెడతారు, పైగా ఇదొకటా" అంటారు. ఈ డర్ ఊరికే పుట్టలేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు ఒకేలాంటి చదువుతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. ముస్లిం పేర్లకు పిలుపులు బాగా తక్కువ వచ్చాయని 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. అయినా నా మాట ఇదే: పేరు కాగితం పైనే ఉంది. మదర్సా లైను కొట్టేస్తే పేరు మారదు, చెప్పిన పాఠాలు మాత్రం పోతాయి. టీచర్ నౌకరీకి వెళ్లేటప్పుడు ఏ క్లాసులకు, ఏ సబ్జెక్టు, ఎన్నేళ్లు చెప్పారో రాయండి. ఇల్లు గడవాలి కదా అని ఎవరైనా ఆ లైను తీసేస్తే నేను తప్పు పట్టను. ఆ హాలత్ తెచ్చింది వాళ్లు కాదు.

చివరగా అమ్మీ అబ్బాలకు ఒక మాట. "మా వాడు ఖాళీగా ఉన్నాడు, దుకాణంలో కూర్చుంటాడు" అని చుట్టాల ముందు అనకండి. ఆ మాట విని విని వాడు ఫ్రెషర్ అని రాస్తున్నాడు. దుకాణానికి జీఎస్టీ నంబరో, ఉద్యం రిజిస్ట్రేషనో ఉంటే ఆ లెటర్‌హెడ్ మీద, ఏదీ లేకపోతే మామూలు తెల్ల కాగితం మీదైనా, వాడు ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏం పని చూశాడో రాసి, మీ ఫోన్ నంబర్ వేసి దస్తఖత్ చేసివ్వండి. ఒక్క నెల కూడా ఎక్కువ వేయకండి, తక్కువా వేయకండి.