పనిచేయు దేశమును చూడవద్దా?

ఇంగ్లండునకు చదువు నిమిత్తము పోయిన మన పిల్లవాడు తొలి శనివారముననే రైలో బస్సో యెక్కి, స్టోన్‌హెంజికో బాత్ నగరమునకో పోయి, ఆ సాయంకాలమునకే ఫొటోలు పంపినచో, తలిదండ్రులు వానిని ఇరుగుపొరుగువారికి చూపి సంతోషింతురు. అట్లు తిరుగుట చదువులో ఒక భాగమేయని భావింతురు. జగిత్యాల నుండియో రాజంపేట నుండియో బహ్రెయినునకు పనికి పోయినవాడు, శుక్రవారము బస్సెక్కి ఒక పాతకోట చూచి వచ్చితినని ఫోనులో చెప్పినచో, అప్పు తీరకముందే ఈ తిరుగుళ్ళేమిటని మందలించువారే గాని, ఏమి చూచితివని అడుగువారు అరుదు. ఒక దేశము చూడదగినదనియు, మఱియొకటి కేవలము పనిచేయదగినదనియు మన సమాజము తనకు తెలియకుండనే ఒక విభజన చేసికొన్నది. ఈ విభజన అన్యాయమనియు, దానివలన నష్టపోవువారు గల్ఫునకు పోయిన మన శ్రమజీవులే యనియు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బహ్రెయిను మిక్కిలి చిన్న దేశము. ప్రధాన ద్వీపము ఉత్తరమునుండి దక్షిణమునకు సుమారు 50 కిలోమీటర్లు. అడ్డముగా అందులో మూడవవంతు. ఇట్టిచోట ఉదయము బయలుదేరి సాయంకాలమునకు రూమునకు తిరిగివచ్చు యాత్ర చేయుటకు సొంత కారు అక్కఱలేదు. 2015 ఫిబ్రవరిలో, ఇంగ్లండునకు చెందిన నేషనల్ ఎక్స్‌ప్రెస్ సంస్థయు స్థానికమైన అహ్మదీ ఇండస్ట్రీసును కలిసి నెలకొల్పిన కంపెనీ ఆధ్వర్యమున ఎఱ్ఱ బస్సులు ఈ ద్వీపమున తిరుగనారంభించినవి. మనామా, ముహర్రక్, ఈసా టౌను బస్‌స్టేషనులు వానికి ముఖ్యకూడళ్ళు. ఏసీ బస్సు, ఒక ప్రయాణమునకు దీనారులో మూడవవంతుకు మించని చార్జీ, గో కార్డు అను బస్సుకార్డు ఉన్నవానికి అందులోను కొంత తగ్గింపు. వారాంతము ఇచ్చట శుక్ర శనివారములు. ఐనను నిర్మాణరంగమునను దుకాణములలోను పనిచేయు మనవారిలో పెక్కుమందికి చట్టము హామీ యిచ్చిన ఆ ఒక్క శుక్రవారమే విశ్రాంతిదినము.

ఆ శుక్రవారము ఎట్లు గడచునో క్యాంపులలో నివసించినవారికి తెలియును. బట్టలుతుకుట, వారమునకు సరిపడు కూర వండుకొనుట, ఇంటికి ఫోను, పిమ్మట నిద్ర. అలసిన శరీరమునకు నిద్ర అవసరమే, కాదనను. కాని వారమున ఆరుదినములు కంపెనీ బస్సెక్కి కంపెనీ చెప్పినచోట దిగిన మనుష్యుడు, ఏడవదినమున తన చేతి చిల్లరతో టికెట్టు కొని, కిటికీప్రక్క కూర్చుండి, తనకు నచ్చినచోట దిగుట అను చిన్నపనిలో ఎంత గొప్ప విషయము ఇమిడియున్నదో, ఆ అనుభవము పొందిన వాని ముఖము చూచినగాని బోధపడదు. అతడు ఆ పూట ఉద్యోగి కాడు; నౌకరు కాడు; ఊరు చూడ వచ్చిన మనిషి.

ఎక్కడికి పోవలెనని నన్నడుగు క్రొత్తవారికి నేను మొట్టమొదట ముహర్రక్ పేరే చెప్పుదును. మనామానుండి సముద్రముమీది వంతెనదారిని దాటినచో వచ్చు ఆ పాతపట్టణమున, 2012లో యునెస్కోవారు ప్రపంచవారసత్వసంపదగా గుర్తించిన ముత్యాల దారి యున్నది. దక్షిణకొసన బూ మాహిర్ కోటవద్ద మొదలై, ఇఱుకు సందులగుండ, పాత వర్తకుల ఇండ్లమీదుగా, సియాదీ అను ముత్యాల వ్యాపారి భవనముదాక మూడు కిలోమీటర్లకు పైగా సాగు ఆ దారివెంట, ముత్యమువంటి గుండ్రని దీపములు గల తెల్లని స్తంభములు నిలిచియున్నవి; అక్షరము రాకున్నను, అరబ్బీ తెలియకున్నను, ఆ దీపములను పట్టుకొని నడచిపోవచ్చును.

ఈ దారిలో మనము చూడవలసినది భవనములు మాత్రమే కాదు. వేసవి నాలుగు మాసములు నడిసముద్రమున పడవలపై గడపి, ముక్కునకు కొమ్ముతో చేసిన బిగింపు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని, మెడలో వల సంచి వ్రేలాడవేసికొని, ఊపిరి బిగబట్టి సముద్రగర్భమునకు దిగి, చేతికందిన ఆల్చిప్పలను ఏరికొని, పైనున్నవాడు త్రాడు లాగగా తేలివచ్చి, మరల దిగిన మనుష్యుల చరిత్ర అది. వారిలో పెక్కుమంది పడవనాయకుడైన నఖుదాకు ఋణగ్రస్తులు. సీజను మొదలుకాకముందే ఇంటి తిండికై అడ్వాన్సు తీసికొనవలె. ముత్యములు అమ్ముడుపోయిన పిమ్మట లెక్క చూచిన అప్పు మిగిలియుండును. ఆ యప్పునకై మరుసటి సంవత్సరమును అదే నఖుదా పడవ యెక్కవలె. తండ్రి అప్పు కొడుకుమీద పడు ఆచారముకూడ ఉండెను. 1920లలో జరిగిన సంస్కరణలవలన ఈతగానికి ఒక లెక్కపుస్తకము చేతికివచ్చెను. 1932లో అడ్వాన్సుల విషయమై ఈతగాండ్రు తిరుగబడిరి కూడ. కాని అప్పటికే జపానువారి పెంపకపు ముత్యములును, 1929నాటి ప్రపంచ ఆర్థికమాంద్యమును ఆ వృత్తిని పడగొట్టినవి. గల్ఫు అరబ్బుతీరమున మొట్టమొదటి చమురు బావి ఈ ద్వీపముననే జెబెల్ దుఖాన్‌వద్ద పొంగినది ఆ 1932లోనే.

ఏజెంటునకు లక్షలు ముట్టజెప్పి, ఆ మొత్తమును మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, మొదటి రెండేండ్ల జీతమంతయు వడ్డీకే పోయుచు బ్రతుకుచున్న మనవానికి ఈ కథ వేఱుగా వివరింపనవసరము లేదు. ఒక చలికాలపు శుక్రవారమున ఆ దారిలో నాతో నడచిన జగిత్యాల తమ్ముడొకడు, ఒక పాతయింటి వసారాలో ఈతగాండ్ర అప్పులమాట విని చాలసేపు మౌనముగానుండి, "అన్నా, గీళ్ళు గూడ మనలెక్కనే ఉండెనా? నాలుగేండ్ల సంది గీ ఊళ్ళె ఉంటున్న, ఎవ్వలు చెప్పలే" అనెను. తాను పరాయివారి నేలమీద ఉన్నానను భావము అతనిలో ఆ క్షణమున కొంత సడలినట్లు నాకు తోచెను. ఈ దేశపు సంపద అంతయు చమురువలన ఊరకవచ్చినదనియు, దీనిని కట్టినవారెవరును కష్టపడలేదనియు మనవారిలో ఒక అభిప్రాయమున్నది. ముహర్రక్ సందులలో ఒక గంట నడచినవానికి ఆ అభిప్రాయము నిలువదు.

మఱియొక సంగతి. హైదరాబాదు పత్తర్‌గట్టి అంగళ్ళలో మన పెద్దలు బస్రా ముత్యములని పేరుపెట్టి కొన్న ముత్యములు ఈ గల్ఫు నీళ్ళనుండి పైకివచ్చినవే. బహ్రెయిను తీరమునందలి ఆల్చిప్పల తిన్నెలు వానిలో మిక్కిలి ప్రసిద్ధములు. ఇక్కడి ముత్యములు బొంబాయి వర్తకులద్వారా దక్కనునకు చేరి, నిజాముల కంఠహారములైనవి. కృత్రిమముగా పెంచిన ముత్యముల అమ్మకమును బహ్రెయిను నేటికిని చట్టరీత్యా నిషేధించియున్నది. తెలంగాణ బిడ్డకు ముహర్రక్ ముక్కు మొగము తెలియని ఊరు కాదు.

మిగిలినవానిని క్లుప్తముగా చెప్పుదును. ఈసా టౌనుమీదుగా ఆలీ గ్రామమునకు పోయినచో, ఇండ్లనడుమ కొండలవలె లేచిన ఇచ్చటి ప్రాచీనరాజ్యమైన దిల్మున్ రాజుల సమాధిదిబ్బలు కనబడును. క్రీస్తుపూర్వము 2200 మొదలు 1750 వఱకు కట్టిన ఇట్టి దిబ్బలు ద్వీపమున 11,774 మిగిలియున్నవని 2019లో వానిని వారసత్వసంపదగా గుర్తించినప్పుడు లెక్కతేల్చిరి. ఆలీ కుమ్మరులు ఒకప్పుడు ఈ దిబ్బలలోనే ఆవములు తొలుచుకొనిరి; నేటికిని అచ్చట సారె తిరుగుచున్నది, కుండ లేచుచున్నది. ఇక బహ్రెయిను కోట. బస్సు దాని ద్వారముదాక పోదు; సీఫ్ ప్రాంతమున దిగి కర్బాబాదువైపు నడవవలె. పైన కనబడునది పోర్చుగీసువారి నాటి కోటయైనను, దాని అడుగున నాలుగువేల యేండ్ల పట్టణములు ఒకదానిపై నొకటి పొరలుగానున్నవి. 1954 మొదలు అచ్చట త్రవ్విన డెన్మార్కు పండితులకు దొరకిన తూనికరాళ్ళు సింధునాగరికతవారి తూకములతో సరిపోయినవి. మన దేశపు వర్తకులకును ఈ ద్వీపమునకును గల లావాదేవీలు అంత పురాతనములు. కోట చూచువారు సాయంకాలమున పోవుట మేలు. అంతకుముందు ప్రక్కనున్న మ్యూజియమును తప్పక చూడవలెను.

మనామా పాతబజారునకు మనవారు ఎట్లును పోవుదురు. బాబ్ అల్ బహ్రెయిను ద్వారమువెనుక సందులలో తట్టై భాటియాలను హిందూ వర్తకులు రెండు శతాబ్దములకు పూర్వము కట్టుకొన్న కృష్ణాలయమున్నది గదా. అక్కడికి పోయినవారు ఇంకొక్క సంగతి తలచుకొనవలె: 1965లో దీనారు వచ్చువఱకు ఆ బజారులో చేతులు మారినది మన రూపాయియే. 1959 నుండి గల్ఫుకొఱకు రిజర్వు బ్యాంకు ప్రత్యేకముగా రూపాయి నోట్లు అచ్చువేయించెను. నేడు ఒక దీనారు 200 రూపాయలకు పైమాట.

ఇంతవఱకు బస్సు పోవుచోట్లు చెప్పితిని. పోనిచోటు ఒకటి యున్నది. దానినిగూర్చి నాకు బాధ. ద్వీపపు దక్షిణభాగమున, మనామాకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున, చుట్టును పచ్చని ఆకు కనబడని ఇసుకదిబ్బమీద, నాలుగు శతాబ్దములకు పైబడిన వయసుగల ఒంటరి వృక్షము నిలిచియున్నది. లోకమునకు అది జీవవృక్షము. కొమ్మలు నేలదాక వ్రాలి, సన్నని ఆకులు గాలికి కదలుచుండగా దానిని దగ్గరనుండి చూచిన తెలుగువాడు దానిని గుర్తుపట్టక మానడు: అది జమ్మి. పాండవులు ఆయుధములు దాచిన శమీవృక్షము, దసరానాడు మనము ప్రదక్షిణముచేసి ఆకు పంచుకొను చెట్టు, తెలంగాణ రాష్ట్రవృక్షము. అదే జాతి చెట్టు ఈ యెడారిలో ఒంటరిగా నిలిచియుండగా, ఇచ్చటి వేలాది తెలుగువారిలో దానిని చూడనివారే ఎక్కువ. కారణము వేఱొకటి కాదు. అక్కడికి బస్సు లేదు, టాక్సీకి డబ్బు చాలదు. చలికాలమున శుక్రవారములందైనను ఒక బస్సు ఉదయమున పోయి మధ్యాహ్నమున తిరిగివచ్చునట్లు ఏర్పాటుచేయుట ఈ చిన్నదేశపు రవాణాశాఖకు భారము కాదు.

ఎండమాట ఎత్తువారున్నారు. నిజమే, మే నుండి సెప్టెంబరు వఱకు పగటిపూట బయట తిరుగుట ప్రమాదకరము, ఆ మాసములలో పోవలదనియే నేనును చెప్పుదును. నవంబరు మొదలు మార్చి వఱకు మన పుష్యమాసమువంటి చల్లదనము. డబ్బుమాట ఎత్తువారికి, రానుపోను బస్సుచార్జీ హోటలులో ఒక బిర్యానీ వెలకన్న తక్కువయని జవాబు. నాకు జవాబు దొరకనిది ఒక్కటే ప్రశ్న. గోదావరి జిల్లాలనుండి, కడప జిల్లానుండి ఇండ్లలో పనికి వచ్చిన మన ఆడపడుచులు వేలమంది యున్నారు. 2012నాటి కార్మికచట్టములోని వారాంతవిశ్రాంతి నియమము ఇంటిపనివారికి వర్తింపదు. యజమానురాలు దయదలచిన ఇంట సెలవు, లేనిచోట లేదు. వారికి బస్సు ఉన్నదని చెప్పుట అన్నము లేనివానికి విస్తరి వేయుటవంటిది. వారికి వారమునకొక దినము విశ్రాంతి చట్టరీత్యా రావలెను. మన రాయబారకార్యాలయము ఈ విషయమును ప్రతి చర్చయందును ఎత్తవలెను.

1830లో చెన్నపట్నమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, త్రోవలోని ప్రతి మజిలీకి నీరెట్లున్నది, అంగళ్ళున్నవా, దారి ఎట్టిదను వివరములన్నియు వ్రాసిపెట్టెను. వెనుక వచ్చువానికి అవి పనికివచ్చునను తలంపు ఆ వ్రాతలో కనబడును. అట్టి చిన్నపుస్తకము ఒకటి, పెద్ద అక్షరములతో, తేటతెలుగులో, బస్సు నంబర్లు, దిగవలసిన స్టాపులు, నడవవలసిన దూరము, చూడవలసినవాని కథ రెండేసి పేజీలలో వ్రాసి, విమానమెక్కకముందు ఇచ్చు శిక్షణలోనే చేతికిచ్చినచో ఎంత మేలు! విదేశములకు పోవువారికై ప్రభుత్వములు నెలకొల్పిన సంస్థలు, తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ, ఈ పనికి పూనుకొనవచ్చును; ఖర్చు స్వల్పము.

బహ్రెయినులోని తెలుగు సంఘములకు నా ప్రత్యేకవిన్నపము. ఉగాదికి, సంక్రాంతికి సభలు జరుపుచున్నారు, మంచిపని. వానితోపాటు ఈ నవంబరునుండి నెలకొక శుక్రవారమున, క్యాంపులనుండి ఇరువది ముప్పదిమందిని వెంటబెట్టుకొని, వారికి మొదటి గో కార్డు మీరే కొనిపెట్టి, ఎఱ్ఱబస్సులో ముహర్రక్‌నకు తీసికొనిపొండు. బూ మాహిర్‌వద్ద మొదలుపెట్టి సియాదీ భవనముదాక వారితో నడచి, ఆ ఈతగాండ్ర కథ తెలుగులో చెప్పుడు. మరుసటి శుక్రవారమునకు వారు మిమ్ము అడుగకయే బస్సెక్కుదురు.